పాలీసిస్టిక్ అండాశయాలు: దేహ కొలతలు, జీవక్రియ ముప్పు

వాడుకలో పీసీఓఎస్ అనీ పీసీఓడీ అనీ పిలిచే పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ సంతాన వయసులోని స్త్రీలలో 8 నుంచి 13 శాతం మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 1935లో షికాగో వైద్యులు స్టైన్, లెవెంథాల్ దీనిని వర్ణించిన నాటి నుంచి చాలాకాలం ఇది నెలసరికీ సంతానానికీ సంబంధించిన సమస్యగానే లెక్కకు వచ్చింది. స్కానింగులో నీటిబుడగల్లా కనిపించేవి నిజానికి తిత్తులు కావు, ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండపుటికలు. నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్లయిన ఆండ్రోజన్లు అధికం కావడం, అండాశయాలు ఈ రూపంలో కనిపించడం అనే మూడింటిలో ఏ రెండు ఉన్నా, ఇతర కారణాలు లేవని తేల్చుకున్నాక వ్యాధిని నిర్ధారించవచ్చని 2003లో రోటర్‌డామ్‌లో సమావేశమైన నిపుణులు నిర్ణయించారు.

ఈ రుగ్మత జీవక్రియతో ముడిపడేది ఇన్సులిన్ దగ్గర. కండరాలు, కాలేయం ఇన్సులిన్‌కు సరిగా స్పందించని స్థితిని ఇన్సులిన్ నిరోధకత అంటారు. ఆ లోటు పూడ్చడానికి క్లోమం మరింత ఇన్సులిన్‌ను స్రవిస్తే, అది ఒకవైపు పుటికలను చుట్టి ఉండే థీకా కణాలను ప్రేరేపించి ఆండ్రోజన్లను పెంచుతుంది, మరోవైపు ఆ హార్మోన్లను రక్తంలో పట్టి ఉంచే ప్రోటీను కాలేయంలో తయారవడాన్ని తగ్గిస్తుంది. ఆండ్రోజన్లు పెరిగిన దేహంలో కొవ్వు పొట్ట చుట్టూ చేరే అవకాశం హెచ్చు, పొట్టలోని కొవ్వు ఇన్సులిన్ నిరోధకతను ఇంకా పెంచుతుంది గనుక ఈ చక్రం తనంతట తాను తిరుగుతూనే ఉంటుంది.

అందువల్ల ఒంట్లో కొవ్వు ఎంత ఉందన్న దానికంటే ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. పొట్ట మీది కొవ్వుకూ తొడల మీది కొవ్వుకూ తేడా ఉందని, మధుమేహం మొదటిదానినే అంటిపెట్టుకొని వస్తుందని ఫ్రెంచి వైద్యుడు జాన్ వాగ్ 1947లోనే చెప్పాడు. కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ ఈ తేడాను చూపలేదు. పైగా దక్షిణాసియా వారికి తక్కువ బరువులోనే కొవ్వు పాలు ఎక్కువగా ఉంటుంది కాబట్టి భారతీయ నిపుణులు అధిక బరువుకు 23, స్థూలకాయానికి 25 హద్దులుగా పెట్టుకున్నారు.

నడుము చుట్టుకొలత ఇంతకంటే సూటిగా మాట్లాడే కొలత. భారతీయ స్త్రీలలో అది 80 సెంటీమీటర్లకు చేరితే పొట్ట స్థూలకాయంగా పరిగణిస్తారు. లంగా బొందు కట్టే చోట, చీర కుచ్చెళ్ల మీద నుంచి కొలిస్తే ఈ అంకెకు విలువ ఉండదు. చివరి పక్కటెముకకూ కటి ఎముక పై అంచుకూ సరిగ్గా నడుమ, మామూలుగా ఊపిరి వదిలిన క్షణంలో, ఒంటిని నొక్కకుండా టేపు చుట్టాలి. నడుమును పిరుదుల చుట్టుకొలతతో భాగిస్తే 0.85, ఎత్తుతో భాగిస్తే 0.5 స్త్రీలకు చెప్పే హద్దులు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నడుము, పిరుదుల కొలతలు తీసుకోగా దేశంలో సగానికి పైగా స్త్రీలు మొదటి హద్దును దాటి ఉన్నారు.

టేపు అంకెకు రక్తపరీక్ష తోడైతే చిత్రం స్పష్టపడుతుంది. నడుము కొలతలోంచి 58 తీసివేసి, మిగిలిన దానిని లీటరుకు మిల్లీమోళ్లలో చెప్పే ట్రైగ్లిజరైడ్లతో గుణిస్తే స్త్రీలకు కొవ్వు సంచయ సూచిక వస్తుంది. నడుము 86, ట్రైగ్లిజరైడ్లు 1.5 అయితే అది 42. నడుము పెరుగుదలతో పాటు ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 150 మిల్లీగ్రాములకు చేరడం, మంచి కొలెస్ట్రాల్ 50కి దిగువన ఉండటం, రక్తపోటు 130/85కు, పరగడుపు చక్కెర 100కు చేరడం అనే ఐదింటిలో మూడు కలిస్తే దానిని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు.

బక్కపలచగా ఉన్న స్త్రీకి ఈ ముప్పు లేదనుకోవడం పొరపాటు, అది ఆమెకు హాని చేసే పొరపాటు కూడా. పీసీఓఎస్ ఉన్నవారికి వయసుతో, బీఎంఐతో నిమిత్తం లేకుండా మధుమేహ ముప్పు ఎక్కువేనని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. వాటి ప్రకారం వ్యాధి నిర్ధారణ అయినప్పుడే 75 గ్రాముల గ్లూకోజు తాగించి చేసే పరీక్ష జరపాలి, ఆ తరువాత ముప్పును బట్టి ఏడాదికో మూడేళ్లలోపో మళ్లీ రక్తంలో చక్కెరను చూసుకోవాలి.