వంటింటి ఇంజనుకు పెట్రోలు పోసిన చేయి



ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒకనాడు తొమ్మిదవ తరగతిలో స్వయంకృషిని గురించి చెబుతూ హెన్రీ ఫోర్డును ఉదాహరించాను. ఏ కర్మాగారపు అండా లేకుండా, ఇంట్లోనే, ఒక్కడే తన తొలి ఇంజనును తయారుచేసుకున్నాడని చెప్పాను. వెనుక వరుసలోని ఒక బాలిక లేచి, "మాస్టారూ, ఆయన అది చేస్తుంటే వాళ్ళావిడ ఏం చేస్తూ ఉందండీ?" అని అడిగింది. తరగతి అంతా గొల్లుమంది. నేనూ నవ్వి ఊరుకున్నాను. అడగవలసిన ప్రశ్న అదేనని నాకు చాలా ఏళ్ళకు గాని తెలిసిరాలేదు.

ఫోర్డు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు రైతుబిడ్డ. 1888లో క్లారాను వివాహమాడాడు. యంత్రాల మర్మం బాగా ఎరిగినవాడే గాని, పెట్రోలును మండించే నిప్పురవ్వకు విద్యుత్తు కావాలి. ఆ విద్య ఆయనకు అంతగా తెలియదు. అది నేర్చుకోవడం కోసమే 1891లో పల్లె విడిచి డెట్రాయిట్ నగరం చేరి, ఎడిసన్ ఇల్యూమినేటింగ్ కంపెనీలో ఉద్యోగం సంపాదించాడు. తనవారిని విడిచి రావడం క్లారాకు కష్టమే అయినా అడ్డు చెప్పలేదు.

1893 నాటికి వారి కాపురం బాగ్లీ అవెన్యూలో 58వ నంబరు అద్దె ఇంట్లో. నవంబరు 6న కుమారుడు ఎడ్సెల్ జన్మించాడు. ఫోర్డు తీరిక వేళల్లో ఒక చిన్న నమూనా ఇంజను కూర్చుకున్నాడు. కొత్త సామగ్రి కొనే స్తోమత లేదు. అంగుళం వ్యాసం గల గ్యాసు గొట్టపు ముక్క సిలిండరు అయింది. పాత లేతు మిషను చేతిచక్రం ఫ్లైవీలు అయింది. చేతికందిన పాత ఇనుమే ఆయన సంపద.

ఇంజను సిద్ధమైనా ఒక పెద్ద లోటు మిగిలింది. పెట్రోలు గాలితో తగు పాళ్ళలో కలిస్తేనే అంటుకుంటుంది. తక్కువైతే మండదు, ఎక్కువైనా మండదు. ఆ పాళ్ళు చూసే కార్బ్యురేటరు అనే పరికరం ఆ ఇంజనుకు లేదు. ఒకరు చక్రం తిప్పుతూ ఉంటే మరొకరు చూసి చూసి చుక్కలుగా పెట్రోలు వదలాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

డిసెంబరు 24 రాత్రి. క్లారా మరునాటి క్రిస్మస్ విందుకు వంటపనిలో మునిగి ఉంది. నలభై ఎనిమిది రోజుల పసివాడు పక్క గదిలో ఉన్నాడు. ఫోర్డు ఇంజనును వంటింట్లోకి తెచ్చి సింకుకు బిగించాడు. వంటింటి దీపానికి వచ్చే కరెంటు నుండే నిప్పురవ్వకు తీగ కలిపాడు. వంట ఆపి క్లారా వచ్చింది. ఆమె చుక్క చుక్కగా పెట్రోలు వదులుతుంటే ఆయన చక్రం తిప్పాడు. ఇంజను అందుకుంది. సింకు అదిరింది, గొట్టంలో నుండి మంట పైకి లేచింది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో చేతిలో పెట్రోలు పట్టుకొని నిలబడిన ఆ తల్లి ధైర్యాన్ని ఒక్కసారి ఊహించండి.

పత్ని పక్కన లేనిదే యజమానికి యజ్ఞాధికారం లేదన్నది మన శాస్త్రం. అందుకే ఉత్తరకాండలో శ్రీరాముడంతటివాడు అశ్వమేధానికి స్వర్ణసీతను నిలుపుకోవలసి వచ్చింది. మన యజ్ఞాల్లో అగ్నిలో ఆజ్యం వేల్చేది పురుషుడు, పక్కన ఉండేది ఇల్లాలు. ఆ వంటింట్లో మాత్రం ఆజ్యం ఆమె చేతి నుండే పడింది.

తరువాతి కథ లోకవిదితం. 1896 జూన్ 4 వేకువన ఫోర్డు తన తొలి నాలుగు చక్రాల బండిని బయటికి తీయబోతే షెడ్డు తలుపు ఇరుకైంది. గోడ ఇటుకలు పగులగొట్టి తీశాడు. అప్పుడూ క్లారా అక్కడే ఉంది. 1908లో మోడల్ టి వచ్చింది. ఫోర్డు జీవితమంతా పూజనీయమని నేననను. 1920లలో ఆయన పత్రిక యూదులపై చిమ్మిన విషాన్ని చరిత్ర మరువదు. కాని భార్యను ఆయన "నమ్మినది" అని పిలుచుకునేవాడట. ఆ మాట మాత్రం నిజం.

ఆ షెడ్డు ఉన్న చోట 1926లో మిషిగన్ థియేటరు వెలిసింది. 1970లలో ఆ థియేటరు లోపలి భాగాన్ని కార్లు నిలుపుకునే చోటుగా మార్చారు. ఆ చిన్న ఇంజను డియర్‌బోర్న్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

ఆనాడు ప్రశ్న అడిగిన బాలిక ఇప్పుడు ఎక్కడ ఉందో నాకు తెలియదు. ఎక్కడైనా ఈ నాలుగు మాటలూ ఆమె కంటబడితే, ఆలస్యంగానైనా ఇదీ నా జవాబు: పెట్రోలు పోసిందమ్మా. ఆమె పోయకపోతే ఆ రాత్రి ఆ ఇంజను తిరిగేది కాదు.