తెల్లకార్డు: రోహింగ్యాల ఊచకోతకు దారి వేసిన కాగితం

మన దగ్గర తెల్లకార్డు ఉంటే రేషన్ బియ్యం వస్తాయి. బర్మాలో, అంటే నేటి మయన్మార్‌లో, రోహింగ్యా ముస్లింల చేతిలో పెట్టిన తెల్లకార్డు మాత్రం వాళ్లు ఆ దేశం మనుషులు కారని చెప్పడానికి పుట్టింది. 2017లో రఖైన్ రాష్ట్రంలో ఊళ్లకు ఊళ్లు తగలబడుతుంటే ప్రపంచం ఉలిక్కిపడింది. అయితే ఆ మంటల వెనక 40 ఏళ్ల కాగితాల కథ ఉంది.

రఖైన్ పాత పేరు అరకాన్. 1784-85లో బర్మా రాజు బోదాపయా దాన్ని జయించాడు. వేల మంది నాఫ్ నది దాటి చిట్టగాంగ్ వైపు పారిపోయారు. వాళ్లకు నిలువనీడ చూపడానికి ఈస్టిండియా కంపెనీ కెప్టెన్ హైరమ్ కాక్స్‌ను పంపింది. ఆ పనిలో ఉండగానే 1799లో ఆయన చనిపోయాడు. నేటి బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. అరకాన్‌లో ఎంతోకాలంగా స్థిరపడిన ముస్లింలు తమను 'రూయింగా' అని చెప్పుకుంటారని ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడు రాసింది కూడా అదే ఏడాది. అంటే అప్పటికి బ్రిటిష్ పాలన ఇంకా అరకాన్‌లో అడుగుపెట్టలేదు.

1824లో మొదలైన యుద్ధంతో అరకాన్ బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చింది. పొలం పనులకు, రేవు పనులకు భారతీయులు తరలివెళ్లారు. వాళ్లపై బర్మీయుల్లో కోపం పేరుకుంది. 1930 మేలో రంగూన్ రేవులో ఆ కోపానికి బలైనవాళ్లలో బతుకుతెరువుకు 'రంగం' వెళ్లిన మన తెలుగు కూలీలు ఎందరో ఉన్నారు. 1942లో జపాన్ దండెత్తినప్పుడు అరకాన్ బౌద్ధులు, ముస్లింలు చెరో పక్షాన నిలిచి ఒకరినొకరు చంపుకున్నారు. ఆ పగ చల్లారలేదు.

1948లో స్వాతంత్ర్యం వచ్చాక పరిస్థితి కొంత మెరుగైంది. రోహింగ్యాలు అందరిలాగే జాతీయ రిజిస్ట్రేషన్ కార్డులు పొందారు, ఓట్లు వేశారు, పార్లమెంటులోనూ కూర్చున్నారు. 1962లో జనరల్ నె విన్ అధికారం గుంజుకున్నాక గాలి మారింది. 1978లో 'నాగమిన్' పేరిట సైన్యం కార్డుల తనిఖీకి దిగింది. ఆ వేధింపులు తాళలేక 2 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పరుగెత్తారు. వాళ్లలో ఎక్కువమంది తిరిగిరాక తప్పలేదు.

అసలు దెబ్బ 1982 పౌరసత్వ చట్టం. 1823కు ముందు నుంచి దేశంలో ఉన్న జాతులే అసలైన పౌరులని అది గీత గీసింది. ప్రభుత్వం గుర్తించిన 135 జాతుల జాబితాలో రోహింగ్యాల పేరు లేదు. 1989లో రంగురంగుల కొత్త కార్డులు వచ్చాయి. పాతవి అప్పగించిన రోహింగ్యాల్లో చాలామందికి కొత్తవి దక్కలేదు. 1991-92లో మరో రెండున్నర లక్షల మంది సరిహద్దు దాటారు. 1995 నుంచి తెల్లకార్డు చేతికొచ్చింది. అది తాత్కాలికమైనది, అందులో పుట్టిన ఊరి ఊసే లేదు, దాన్ని చూపి పౌరసత్వం అడగడానికి వీల్లేదు.

ఆ కార్డుతో బతుకు ఎలా ఉండేదంటే, పక్క ఊరికి వెళ్లాలన్నా, పెళ్లి చేసుకోవాలన్నా అనుమతి కావాలి. ఏటా అధికారులు ఇంటికొచ్చి కుటుంబాన్ని వరసగా నిలబెట్టి ఫొటో తీసేవారు. ఆ వేళకు ఇంట్లో లేని మనిషి పేరు కొట్టేసేవారు. పేరు పోయినవాడికి సొంత ఇంటికి తిరిగి రావడమే నేరమయ్యేది.

2015 మార్చి 31తో తెల్లకార్డులు కూడా చెల్లకుండా పోయాయి. దానితో ఓటూ పోయింది. 2017 ఆగస్టు 25న ఒక రోహింగ్యా సాయుధ దళం పోలీసు ఠాణాల మీద దాడి చేయడమే సాకుగా సైన్యం మొత్తం జనం మీద పడింది. 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్ చేరారు. మొదటి నెలలోనే కనీసం 6,700 మంది హింసకు బలయ్యారని, వారిలో 730 మంది అయిదేళ్లలోపు పిల్లలని 'సరిహద్దులు లేని వైద్యులు' సంస్థ అంచనా కట్టింది. ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం ఇందులో జాతి నిర్మూలన ఉద్దేశం కనబడుతోందని 2018లో తేల్చి చెప్పింది. 2019లో గాంబియా అంతర్జాతీయ న్యాయస్థానం తలుపు తట్టింది. రోహింగ్యాలకు రక్షణ కల్పించాలని 2020 జనవరిలో ఆ కోర్టు మయన్మార్‌ను ఆదేశించింది.

పారిపోయినవాళ్లకు నేడు నీడనిస్తున్నది ఆ కాక్స్ బజార్ జిల్లాయే. మన హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లోనూ వేల మంది తలదాచుకున్నారు. వాళ్లకున్న ఆధారం ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డు. మన ప్రభుత్వం దాన్ని చట్టబద్ధ పత్రంగా ఒప్పుకోదు.

2018లో, 2019లో శిబిరాల దగ్గర బస్సులు పెట్టి వెనక్కి రమ్మంటే ఒక్కరూ ఎక్కలేదు. అక్కడ వాళ్లకు ఇస్తామన్నది పౌరసత్వం కాదు, 'పరిశీలన కార్డు' అనే మరో తాత్కాలిక కాగితం. తెల్లకార్డు చరిత్ర తెలిసినవాళ్లు ఆ నిరాకరణను మొండితనం అనలేరు. ఒక జాతిని జాబితాలోంచి కొట్టేసిన రోజే హత్యాకాండకు సన్నాహం మొదలవుతుంది. కాబట్టి లోకం నోరు విప్పాల్సింది కత్తులు లేచాక కాదు, పేర్లు తీసేస్తున్నప్పుడే. రోహింగ్యాలకు పౌరసత్వం దక్కనంతవరకు వాళ్లను ఇంటికి పంపడమంటే మరో 2017లోకి నెట్టడమే.