ఆకాశమునుండి చూడదగిన మట్టికోటలు

మెదకు కొండమీది కోట రాతికట్టడము. దానిని చూచి ఇది కోటయా కాదా యని అడుగువారు లేరు. మైదానమందలి మట్టికోటల మాట వేరు. కాలక్రమమున గోడ కరగి దిబ్బయగును, అగడ్త పూడి పొలమగును. అట్టి దిబ్బపై నడచువానికి అది చెరువుకట్టవలెనే తోచును.

శ్రోతలారా, ఈ రెంటి భేదము నేలమీద తెలియుట కష్టము, పైనుండి సులభము. చెరువుకట్ట వాగునకు అడ్డముగా పోయి మెరకనందుకొని ఆగును. కోటకట్ట తిరిగివచ్చి తన మొదటనే కలియును.

ఇందుకు నేను చూపదలచిన సాక్ష్యము ఓరుగల్లు. కాకతీయుల రాతికోట అడ్డుకొలత దాదాపు 1.2 కిలోమీటర్లు. దానిచుట్టును 2.4 కిలోమీటర్ల మట్టికోట. 1310లో మాలిక్ కాఫూరు ముట్టడించినప్పుడు ఆ మట్టిగోడ ఉక్కు ఈటెకైనను లొంగలేదని ఢిల్లీకవి అమీర్ ఖుస్రో వర్ణించెను. ఈ రెంటికిని వెలుపల సుమారు 12.5 కిలోమీటర్ల అడ్డుకొలతగల మూడవ కట్ట యున్నది. దానిని చుట్టిరావలెనన్న 39 కిలోమీటర్లు నడువవలెను! అంతటి వలయపు వంపు నేలపై నిలిచినవాని కంటికి ఎట్లానును? ఇండ్లును బాటలును పలుచోట్ల దానిని తెగగొట్టినవి. అయినను ఆకాశచిత్రమున మిగిలిన తునకలను కూర్చి చూచినచో వలయము తేలును.

పైరు కూడ గుట్టు చెప్పును. పూడిన అగడ్తమీద తేమ నిలుచును గనుక చేను ఏపుగా నుండును. పాతిపోయిన గోడమీద ముందుగా పండుబారును. ఇది రైతులకు నేను చెప్పవలెనా? 1925లో ఇంగ్లండున ఇన్సాల్ అను వైమానికుడు పొలమందలి మచ్చలను పైనుండి చూచి, వేలయేండ్లనాటి కొయ్యస్తంభముల వలయమును కనిపెట్టెను.

అయితే చిత్రము తావును చూపునేగాని కాలమును చెప్పదు. అందుకు గునపమే దిక్కు. కొండాపురమున కోటగడ్డయని జనులు పిలుచు దిబ్బను 1940-42లలో యాజ్దానీగారి ఆధ్వర్యమున త్రవ్వగా శాతవాహనుల నాణెములు రాశిగా దొరకినవి. అది టంకశాలగల పట్టణమని పండితులు తలచిరి. అప్పుడు మెదకు జిల్లాలోని ఆ ఊరు 2016నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది.

పాటిమన్ను పొలమునకు బలమని బండ్లకెత్తుట మన పల్లెల పాతయలవాటు. అట్లెత్తిన గోడ ఇక ఏ చిత్రమునకును అందదు. 2009లో ఇస్రోవారు వెలువరించిన భువన్ పటమును మీ మనుమడు చేతిఫోనులో తెరువగలడు. మీ ఊరి దిబ్బను అందు చూడుడు. అది చుట్టుతిరిగి మూసికొనుచున్నచో, బండి కట్టకమునుపే పురావస్తుశాఖకు తెలుపుడు.