పరుల పెట్టెలో మన చీటీ

చిలకలూరిపేట పరిసరముల నల్లరేగడి నేలలలో మాఘ ఫాల్గుణములు తీరిక లేని దినములు. మిరప కోతలు, ప్రత్తి తీతలు ఒక్కమారుగా వచ్చి పడును. 1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్ర శాసనసభ ఎన్నికలు జరిగినది అట్టి దినములలోనే. ఎర్రజెండా పట్టిన కూలివానికి తన పక్షపు అభ్యర్థి నిలిచినచోట చిక్కు లేదు. నిలువనిచోట, “మనవాడు లేడు గదా, ఓటెవరికి వేయవలెను?” అను ప్రశ్న పుట్టును. ఈ ప్రశ్నకు బదులు చెప్పుటలో మన వామపక్షములు పడిన తడబాటును గూర్చియే మేము నేడు ముచ్చటింపదలచితిమి.

ఈ ప్రశ్న ఒక్క మనదే కాదు. 1920లో ఆంగ్లదేశపు కమ్యూనిస్టులకు లెనిన్ ఇచ్చిన సలహా ప్రసిద్ధమే. కొలది స్థానములలో స్వయముగా పోటీచేయుడనియు, తక్కినచోట్ల లేబరు అభ్యర్థికి ఓటు వేయింపుడనియు, విమర్శించు స్వేచ్ఛను మాత్రము వదులుకొనవలదనియు దాని సారము. వినుటకు సులువైన సలహాయే. ఆచరణలో అది ఎట్లు పరిణమించునో తెలియవలెనన్న మన ఆంధ్రమునకే రావలెను.

1952 నాటి మద్రాసు రాష్ట్రమును గుర్తు చేసికొందము. 1949లో కమ్యూనిస్టు పక్షము ఆ రాష్ట్రమున నిషేధింపబడెను. తెలంగాణ సాయుధ పోరాటము 1951 అక్టోబరులో విరమింపబడెను. మూడు నెలలు తిరుగకముందే ఆ పక్షము ఎన్నికలలో దిగెను. తరిమెల నాగిరెడ్డిగారు జైలునందుండియే అనంతపురములో నీలం సంజీవరెడ్డిగారిని ఓడించిరి. రాష్ట్రము మొత్తముమీద 375 స్థానములలో కాంగ్రెసుకు దక్కినవి 152, కమ్యూనిస్టులకు 62. ఆంధ్ర ప్రాంతములో ఇరువురి బలము ఇంచుమించు సమానము. ఫలితములు వెలువడిన పిమ్మట కాంగ్రెసేతరులు ఐక్య ప్రజాతంత్ర సంఘటనగా కూడి తమ నాయకునిగా టంగుటూరి ప్రకాశం పంతులుగారిని ఎన్నుకొనిరి.

ఇక్కడ మేము కొంత ఆగవలసియున్నది. 1947 జనవరిలో ఆర్డినెన్సు తెచ్చి కమ్యూనిస్టులను నిర్బంధించినది ఆ ప్రకాశంగారి మంత్రివర్గమే. అయిదేండ్లు గడిచిన పిదప ఆయననే వారు నాయకునిగా అంగీకరించిరి. ఇది తప్పని మేమనము. కాంగ్రెసును అధికారమునకు దూరముగా నుంచవలెనను కోరికలో అర్థమున్నది. కాని ఆ కూటమి కుదిరినది ఓట్లు పడిన తరువాత. ఓటు వేసినవానిని ఎవరును అడుగలేదు. రాజాజీ ముఖ్యమంత్రి యగుటచే ఆ సంఘటనకు పరిపాలించు అవకాశమే రాలేదు, కావున ప్రజలు దానిని చూచి తెలిసికొనునదియు లేకపోయినది.

పిదప కథ వేగముగా నడచినది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము అవతరించెను. ప్రకాశంగారు ప్రజా సోషలిస్టు పక్షమును విడిచి, కాంగ్రెసు మద్దతుతో ముఖ్యమంత్రి యయిరి. 1954 నవంబరులో మద్యనిషేధ సమస్యపై అవిశ్వాస తీర్మానము వచ్చినది. గీత కార్మికుల పక్షమున పోరాడిన గౌతు లచ్చన్నగారి కృషికార్ లోక్ పక్షమును, కమ్యూనిస్టులును ఒకే వైపు నిలిచిరి. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వము పడిపోయినది. మూడు నెలలలో జరిగిన ఎన్నికలలో కృషికార్ లోక్ పక్షము ఎక్కడ నుండెను? కాంగ్రెసు, ప్రకాశంగారి ప్రజాపక్షములతో కూడి కమ్యూనిస్టుల కెదురుగా నుండెను! నిడుబ్రోలు రంగాగారి పక్షమది, గుంటూరు జిల్లా రైతునకు పరాయిది కాదు. ఇది చాలదన్నట్లు ఆ జనవరిలోనే మాస్కో పత్రిక ప్రావ్దా నెహ్రూగారి విధానములను ప్రశంసించెను. ఆ మాటను కాంగ్రెసువారు ఊరూర చాటిరి. 196 స్థానములలో ముప్పక్షముల కూటమికి 146 వచ్చినవి. నూటికి 31 ఓట్లు పొందియు కమ్యూనిస్టులు 15 స్థానములకే పరిమితులయిరి.

సీట్ల లెక్కను గూర్చి చింతించువారు దీనిని కేవలము ముఖాముఖి పోటీల ఫలితమందురు. అది కొంతవరకు నిజమే. మాకు తోచునది వేరు. 1952లో అభ్యర్థి కొక పెట్టె, పెట్టెపై గుర్తు. పరుల పెట్టెలో పడిన చీటీ తానేల అచట పడెనో చెప్పజాలదు. ఏ కోరికకై, ఎంతకాలమునకు ఈ మద్దతు అను మాటను ముందుగానే, అందరి యెదుట, పక్షమే చెప్పవలెను. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభను లాగు ఎడ్లు ఎవరివైనను కావచ్చును, ప్రభ ఏ ఊరిదో మాత్రము దూరమునుండియే తెలియును. 1952లో ప్రభ ఎవరిదో తెలియకపోయినది.

దీనికి విసిగినవారు రెండవ కొసకు పోయిరి. జైలునుండి గెలిచిన ఆ నాగిరెడ్డిగారే 1969లో శాసనసభ సభ్యత్వమును త్యజించిరి. నక్సల్బరీ అనంతరపు విప్లవ వర్గములు ఎన్నికల బహిష్కారమును బోధించినవి. ఓటు వేయకుండుట కూలివానికి స్పష్టమైన బదులే, కాని గ్రామములో మునసబు, భూస్వామి దానిని గమనించిరేగాని భయపడిరని మేము నమ్మజాలము.

ఎన్నికలలో నిలిచిన ఉభయ కమ్యూనిస్టు పక్షములు 1985లోను 1994లోను తెలుగుదేశముతోను, 2004లో కాంగ్రెసుతోను, 2009లో మరల తెలుగుదేశముతోను పొత్తు పెట్టుకొన్నవి. 1994లో వారికి 34 స్థానములు దక్కినవి. విభజనానంతర ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 2014, 2019, 2024 ఎన్నికలలో ఒక్కటియు రాలేదు. ఒకమారు శత్రువన్నవానికి మరొకమారు ఓటు వేయుమన్నప్పుడు, నడుమ ఏమి మారెనో మిరపతోటలోని కూలికి వివరించిన సభలు మా యెరుకలో మిక్కిలి తక్కువ.

2022 నుండి పేట పల్నాడు జిల్లాలో చేరినది. పెట్టెలు పోయి మీట నొక్కు యంత్రములు వచ్చినవి. వానిపై కంకి కొడవలి, సుత్తి కొడవలి గుర్తులు తరచుగా కనబడవు. కోతలనాడు మాత్రము ఆ పాత ప్రశ్నయే వినబడుచున్నది.