ఫిస్క్-సుబ్బారావు పద్ధతి

ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనేది రక్తం, మూత్రం, కండరం వంటి వాటిలో ఉన్న భాస్వరాన్ని రంగు గాఢత ఆధారంగా కొలిచే రసాయనిక విధానం. అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో పనిచేసిన సైరస్ ఫిస్క్, తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు దీనిని రూపొందించి 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ప్రకటించారు. ఒకే పదార్థాన్ని కొలిచే రెండు ప్రయోగశాలా పద్ధతులలో ఏది మేలైనదో ఎలా నిర్ణయిస్తారో తెలుసుకొనటానికి ఈ పద్ధతి చక్కని ఉదాహరణ.

ప్రాముఖ్యత

ఆరోగ్యవంతులైన పెద్దలలో సీరంలోని అకర్బన భాస్వరం సాధారణంగా డెసిలీటరుకు 2.5 నుండి 4.5 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. ఎదిగే పిల్లలలో ఇంతకంటే ఎక్కువ. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నప్పుడు ఇది పెరుగుతుంది. పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేసినపుడు, కొన్ని రకాల రికెట్స్ వ్యాధిలో తగ్గుతుంది. సాధారణ పరిధి చాలా ఇరుకైనది కాబట్టి, కొలతలో అర మిల్లీగ్రాము దోషం వచ్చినా రోగి లేని వ్యాధికి మందు వాడవలసి రావచ్చు, లేదా ఉన్న వ్యాధి బయటపడకపోవచ్చు.

చరిత్ర

1920లో బెల్, డాయిజీ ప్రకటించిన పద్ధతిలో హైడ్రోక్వినోన్‌ను క్షయకరణిగా వాడేవారు. క్షార ద్రావణంలో ఏర్పడే నీలి రంగు త్వరగా వెలిసిపోయేది. 1922లో బ్రిగ్స్ ద్రావణాన్ని ఆమ్లంగానే ఉంచి ఈ లోపాన్ని సరిదిద్దాడు గాని, రంగు రావటానికి ఎక్కువ సేపు పట్టేది. ఫిస్క్, సుబ్బారావులు హైడ్రోక్వినోన్‌కు బదులుగా అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని వాడారు. దీనితో కొద్ది నిమిషాలలోనే నిలకడైన రంగు వచ్చింది. ఆ రంగు భాస్వరం పరిమాణానికి అనుపాతంగా ఉండేది.

మూల సూత్రం

ముందుగా సీరానికి ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం కలిపి మాంసకృత్తులను అవక్షేపంగా తొలగిస్తారు. వడకట్టిన ద్రవానికి ఆమ్లంలో కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్ చేర్చగా ఫాస్ఫోమాలిబ్డేట్ ఏర్పడుతుంది. క్షయకరణి దీనిని మాలిబ్డినం బ్లూ అనే నీలి పదార్థంగా మారుస్తుంది. భాస్వరం ఎంత ఉన్నదో తెలిసిన ప్రామాణిక ద్రావణపు రంగుతో ఈ రంగును పోల్చి ఫలితాన్ని లెక్కిస్తారు. తొలి రోజులలో ఈ పోలికను కంటితోనే చేసేవారు. తరువాత సుమారు 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద ఫోటోమీటరుతో చదవటం వాడుకలోకి వచ్చింది.

ఆవిష్కరణకు దారితీసిన తేడా

కండరాల నుండి తీసిన ద్రవంలో రంగు అనుకున్న దానికంటే నెమ్మదిగా రావటం ఇద్దరూ గమనించారు. అప్పటివరకు అకర్బన ఫాస్ఫేట్‌గా లెక్కవేసిన దానిలో చాలా భాగం నిజానికి మరొక పదార్థమనీ, అది ఆమ్ల మాలిబ్డేట్‌లో క్రమంగా విడిపోతూ ఫాస్ఫేట్‌ను ఇస్తున్నదనీ తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. దీనిని 1927లో వెల్లడించారు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా స్వతంత్రంగా ఈ పదార్థాన్ని గుర్తించారు. 1929లో ఫిస్క్, సుబ్బారావులు, జర్మనీలో కార్ల్ లోమన్ విడివిడిగా అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వెల్లడించారు.

ఇతర పద్ధతులతో పోలిక

* 340 నానోమీటర్ల పద్ధతి: క్షయకరణి లేకుండా ఫాస్ఫోమాలిబ్డేట్‌నే అతినీలలోహిత కాంతిలో కొలుస్తారు. మాంసకృత్తులను తొలగించనక్కరలేదు. వేగంగా జరుగుతుంది కనుక స్వయంచాలక యంత్రాలకు అనువైనది. అయితే సీరంలో కొవ్వు ఎక్కువైతే, లేదా మైలోమా రోగులలో అసాధారణ మాంసకృత్తులు ఆమ్లంలో గడ్డకడితే, ద్రావణం మసకబారి ఫలితం తప్పుగా ఎక్కువ రావచ్చు. అటువంటప్పుడు మాంసకృత్తులను తొలగించి మళ్ళీ పరీక్షిస్తే అసలు విలువ తెలుస్తుంది.
* ఎంజైము పద్ధతులు: తటస్థ ద్రావణంలో జరుగుతాయి కనుక కర్బన ఫాస్ఫేట్లు విడిపోయే ప్రమాదం తక్కువ. ఖర్చు ఎక్కువ.

యథార్థతను నిర్ణయించే విధానం

కొలత నిజమైన విలువకు ఎంత దగ్గరగా ఉన్నదో తెలిపేది యథార్థత. ఒకే నమూనాను పదే పదే కొలిచినపుడు ఫలితాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో తెలిపేది ఖచ్చితత్వం. ఖచ్చితత్వం ఉన్నంత మాత్రాన యథార్థత ఉన్నట్లు కాదు. యథార్థతను పరీక్షించటానికి నమూనాకు తెలిసిన పరిమాణంలో భాస్వరం కలిపి, అదంతా ఫలితంలో కనిపిస్తున్నదో లేదో చూస్తారు.

రెండు పద్ధతులను పోల్చటానికి అనేక రోగుల నమూనాలను రెండింటిలోనూ కొలుస్తారు. సహసంబంధ గుణకం ఒక్కటే ఇందుకు చాలదు. ఒక పద్ధతి ప్రతిసారీ సరిగ్గా 0.5 మిల్లీగ్రాములు ఎక్కువ చూపినా గుణకం 1 గానే ఉంటుంది. అందువలన 1986లో బ్లాండ్, ఆల్ట్‌మన్ సూచించినట్లు, ప్రతి నమూనాలో రెండు ఫలితాల తేడాను వాటి సగటుకు ఎదురుగా గీసి చూస్తారు. తేడాల సగటు స్థిరదోషాన్ని, వాటి వ్యాప్తి రెండు పద్ధతుల మధ్య పొత్తును తెలుపుతాయి.

ఆచరణలో జాగ్రత్తలు

పద్ధతి ఎంత మంచిదైనా నమూనా చెడితే ఫలితం చెడుతుంది. ఎర్ర రక్తకణాలలో కర్బన ఫాస్ఫేట్లు అధికంగా ఉంటాయి. ఉదాహరణకు కడప జిల్లాలో జమ్మలమడుగులోనో పులివెందులలోనో తీసిన రక్తాన్ని ప్రొద్దుటూరుకో కడపకో పంపవలసి వస్తే, సీరాన్ని వేరుచేయకుండా వేసవి ఎండలో పంపినపుడు కణాల నుండి ఫాస్ఫేట్ వెలువడి ఫలితం పెరుగుతుంది. రక్తాన్ని తీసిన చోటనే సీరం వేరుచేసి, చల్లగా ఉంచి పంపటం దీనికి పరిష్కారం. ఫాస్ఫేట్ ఉన్న డిటర్జెంటుతో కడిగిన గాజు పాత్రలు కూడా ఇటువంటి దోషాన్నే కలిగిస్తాయి. సిట్రేట్, ఆక్సలేట్, ఇ.డి.టి.ఎ. కలిపిన గొట్టాలు ఈ పరీక్షకు పనికిరావు.

డయాలసిస్ చేయించుకొనే రోగి ఒక నెల ఒక ఊరిలో, మరుసటి నెల మరొక ఊరిలో పరీక్ష చేయించుకుంటే, కనిపించే తేడా వ్యాధిది కావచ్చు, పద్ధతిది కావచ్చు. అందుచేత ఫలితంతో పాటు పద్ధతి పేరును, ఆ ప్రయోగశాల పాటించే సాధారణ పరిధిని పత్రంలో చూపించాలి. వీలైనంతవరకు ఒకే ప్రయోగశాలలో పరీక్షలు చేయించుకోవటం మేలు.