కొల్లూరు నీలం, సూరత్ రియాక్టర్

సూరత్‌లోని లింబాయత్‌లో నాన్న సాంచెలు (మరమగ్గాలు) నడిపాడు. నేను వజ్రాలు పెంచే రియాక్టర్ చూసుకుంటున్నాను. మీథేన్, హైడ్రోజన్‌లను మైక్రోవేవ్‌లతో ప్లాస్మాగా మారిస్తే, పలుచని వజ్రపు పలక మీద కర్బనం పొరలుగా పేరుకుంటుంది. అందులో లవలేశం బోరాన్ చేరితే రాయి నీలమవుతుంది, కరెంటూ పారుతుంది. సెమీకండక్టర్ చిప్‌లు చేసే సిలికాన్ వేఫర్లకూ ఇదే కిటుకు: బోరాన్ కలిపితే పి-రకం, ఫాస్ఫరస్ కలిపితే ఎన్-రకం.

భూమి ఈ పని ఎప్పుడో చేసేసింది. సూరత్ రేవులో దిగి గోల్కొండ గనులకు వెళ్లిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, 1668లో పద్నాలుగో లూయీకి ఓ నీలి వజ్రం అమ్మాడు. అది మన కృష్ణ ఒడ్డు కొల్లూరుదని నమ్మకం. కోయగా కోయగా మిగిలిన 45.52 క్యారెట్ల హోప్ వజ్రం ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. లవలేశం బోరాన్ కలిసిన సెమీకండక్టరే అది! రాజుగారికేం తెలుసు పాపం, సిలికాన్‌ను రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ వేరుచేసిందే 1824లో.