చెరపడిన పుటలు

మా పక్క వాటాలో ఉండే టాటిక్‌కి ఎనభై దాటాయి. ఆర్మేనియన్‌లో నాయనమ్మనైనా అమ్మమ్మనైనా టాటిక్ అనే అంటారు. ఆవిడ పుట్టింది సిరియాలోని అలెప్పోలో. దేశదేశాలకూ చెదిరిపోయిన ఆర్మేనియన్లను సోవియట్ ప్రభుత్వం వెనక్కి పిలిచిన రోజుల్లో, 1947లో, మూడేళ్ల పిల్లగా తల్లితో ఆర్మేనియా రాజధాని యెరెవాన్ వచ్చింది. వాళ్ల అమ్మమ్మగారిది జైతూన్, మరాష్ దగ్గరి కొండ ఊరు. ఆ ఊరిప్పుడు టర్కీలో ఉంది, పేరు కూడా మారిపోయింది.

నేను బందరు నుంచి వైద్యం చదవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. ఒకప్పుడు ఆర్మేనియన్ వర్తకులు మా బందరులో కాపురాలున్నారని, ప్రపంచంలోనే మొదటి ఆర్మేనియన్ పత్రిక 'అజ్దరార్' 1794లో మన మద్రాసులో అచ్చయిందని ఇక్కడికొచ్చాకే తెలుసుకున్నాను.

నన్ను మొదటిసారి మతెనదరాన్‌కు తీసుకెళ్లింది టాటికే. మష్తోత్స్ వీధి చివర గుట్ట మీద ఉండే రాతి భవనం అది, రాతప్రతుల భాండాగారం. 405లో ఆర్మేనియన్ లిపిని కూర్చిన మెస్రోప్ మష్తోత్స్ విగ్రహం మెట్ల దగ్గరే ఉంటుంది. లోపల నన్ను ఒక పెద్ద గ్రంథం ముందు నిలబెట్టింది. ముష్ ప్రవచనాల సంపుటి. 1200-1202 మధ్య రాసిన ఆ పుస్తకం బరువు దాదాపు 28 కిలోలు. రాయించుకున్నాయన దాడిలో చనిపోతే పుస్తకం దోపిడీదారుల పాలైంది. ముష్ మఠం సన్యాసులు ఊరూరా చందాలెత్తి 4,000 వెండి నాణేలిచ్చి దాన్ని విడిపించుకున్నారు.

'విడిపించుకున్నారు' అన్నది నా మాట కాదు. మన తాళపత్రాల చివర లేఖకులు తమ పేరూ ఊరూ చెప్పుకున్నట్టే, ఆర్మేనియన్ లేఖకులూ ఒక చివరిమాట రాస్తారు. దాన్ని హిషతకారాన్ అంటారు, జ్ఞాపకం ఉండే చోటు అని అర్థం. శత్రువుల చేతిలో పడిన పుస్తకాన్ని ఆ చివరిమాటల్లో 'గెరి' అంటారు. బందీ అన్నమాట. డబ్బిచ్చి తెచ్చుకుంటే మనిషిని చెర విడిపించినట్టే రాసుకుంటారు. ఈ దేశాన్ని అర్థం చేసుకోవడానికి నాకు యుద్ధాల తేదీలకన్నా ఈ ఒక్క మాటే ఎక్కువ పనికొచ్చింది.

1915లో ఒట్టోమన్ ప్రభుత్వం ఆర్మేనియన్లను ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించి చంపించిన రోజుల్లో, ఆ ముష్ గ్రంథాన్ని ఇద్దరు ఆడవాళ్లు కాపాడారు. బరువు మోయలేక రెండుగా విడదీశారు. ఒక సగం ఆర్మేనియాలోని ఎచ్మియాజిన్ చేరింది. రెండో సగాన్ని దారిలో ఎర్జురుమ్‌లో పాతిపెట్టారు, అది తర్వాత బయటపడింది. ఇప్పుడు రెండు సగాలూ మతెనదరాన్‌లోనే ఉన్నాయి.

"మా ఊరి పుస్తకం కూడా ఇక్కడే ఉంది," అంది టాటిక్. "కానీ ఎనిమిది పుటలు ఇంకా గెరి."

ఆ పుస్తకం జైతూన్ సువార్త. యూఫ్రటీస్ ఒడ్డున హ్రోమ్‌క్లా కోటలో, 1256లో తోరోస్ రోస్లిన్ రాసి బొమ్మలు వేశాడు. మధ్యయుగ ఆర్మేనియన్ చిత్రకళలో ఆయన్ను మించిన పేరు లేదు. రాయించినవాడు కథోలికోస్ కోన్‌స్తాన్తిన్, అంటే సంఘపెద్ద. నాలుగు సువార్తల్లో ఒకే ఘట్టం ఎక్కడెక్కడ వస్తుందో చూపే పట్టికలు మొదట్లో ఉంటాయి. అవి పేరుకు అంకెల వరసలే. రోస్లిన్ వాటిని స్తంభాల మధ్య, రంగుల తోరణాల కింద నిలబెట్టాడు. పైన పక్షులు. చదివేవాణ్ని గుడి వాకిట్లోంచి లోపలికి రమ్మన్నట్టుంటాయి.

ఊరి వాళ్లకు ఆ పుస్తకమే రక్ష. 1915లో తరిమేసే ముందు దాన్ని వీధి వీధినా ఊరేగించారు. రక్ష నిలవలేదు. చేతులు మారుతూ పుస్తకం చివరికి యెరెవాన్ చేరింది, ఇక్కడ దాని సంఖ్య 10450. ఆ పట్టికల పుటలు మాత్రం మధ్యలో విడిపోయి అమెరికాకు వెళ్లాయి. 1994లో లాస్ ఏంజెలస్‌లోని గెట్టీ మ్యూజియం వాటిని కొనుక్కుంది.

2010లో అక్కడి ఆర్మేనియన్ చర్చి దావా వేసింది, 10.5 కోట్ల డాలర్లకు. కాలదోషం పట్టిందని మ్యూజియం వాదించినా న్యాయమూర్తి కేసు కొట్టేయలేదు. 2015 సెప్టెంబరులో, ఆ ఊళ్లు ఖాళీ అయిన నూరో ఏట, రాజీ కుదిరింది. ఆ పుటలు చారిత్రకంగా ఆ చర్చి తలపీఠమైన కిలికియా కథోలికోసుల పీఠానివేనని మ్యూజియం ఒప్పుకుంది. చర్చి వాటిని మ్యూజియానికే దానంగా ఇచ్చింది. పుటలు కదల్లేదు.

ఆ ఒప్పుకోలు చిన్నదని నేను అనను. నూరేళ్లుగా, అసలేమీ జరగలేదనే మాట వింటూ బతికిన జనానికి, ఫలానాది మీది, మీ నుంచే పోయింది అని ఒక పెద్ద సంస్థ కాగితం మీద రాసివ్వడం మామూలు సంగతి కాదు. మిగతా మ్యూజియాలు కూడా తమ దగ్గరున్నవి ఎక్కణ్నుంచి వచ్చాయో చూసుకోక తప్పదు. లాస్ ఏంజెలస్ చుట్టుపక్కల ఉన్న లక్షల మంది ఆర్మేనియన్లు వెళ్లి చూసుకోగలగడమూ మంచిదే. అయినా నాకు మనసొప్పదు. వాకిలి ఒక ఖండంలో, ఇల్లు మరో ఖండంలో ఉండకూడదు. ఆ పుటల పక్కన ఉండాల్సింది ఆ పుస్తకమే.

రాజీ సంగతంతా టాటిక్‌కి తెలుసు. కిందటి ఏప్రిల్ 24న, 1915లో పోయినవాళ్లను తలుచుకునే రోజున, త్సిత్సెర్నకబెర్ద్ కొండ మీద వాళ్ల స్మారకంలోని అఖండజ్యోతి దగ్గర పూలు పెట్టి దిగుతూ మళ్లీ నన్నే అడిగింది. ఆప్యాయంగా పిలిచేటప్పుడు ఇక్కడ 'జాన్' అంటారు.

"వాళ్లది కాదని ఒప్పుకున్నారు కదా, జాన్. మరి ఇంటికి పంపడానికి ఏం అడ్డొచ్చింది?"

జవాబు దొరక్క, మెట్ల దగ్గర ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.